ఒక్క సూదిమందు

డాక్టరు కృపమ్మగారికి పార్శ్వపు తలనొప్పి ఉండేది. ఏలూరులో ఆవిడ ఆసుపత్రిలో నేను నర్సుగా చేరిన కొత్తలోనే ఆ సంగతి తెలిసింది. ముందు కంటి ఎదుట మెరుపుల్లాంటి వంకర గీతలు ఆడేవట. కాసేపటికి తలలో ఒక పక్క సుత్తితో బాదినట్టుండేది. వాంతులయ్యేవి. పట్లూ కషాయాలూ ఏవీ పనిచేయలేదు. పంతొమ్మిది వందల ముప్పై ఆరులో మద్రాసు నుంచి ఎర్గటమిన్ అనే కొత్త సూదిమందు తెప్పించారు. గీతలు కనబడగానే వేసుకుంటే తొందరగానే తేరుకుని రోగుల్ని చూసేవారు. ఆలస్యమైతే అది అంతగా పట్టేది కాదు.

ఒక మధ్యాహ్నం కొల్లేటి లంక నుంచి జగ్గారావు అనే జాలరి రొప్పుతూ వచ్చాడు.

"మా ఇంటిదానికి నిన్నటినుంచీ నొప్పులండీ. బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసిందండీ."

ఎర్గటమిన్ ఒక్క గాజుగొట్టమే మిగిలింది. దాన్ని సంచిలో పెట్టుకుని, ఒడ్డుదాకా జట్కాలోనూ, అక్కణ్ణించి దోనెలోనూ వెళ్లాం. నీళ్లమీద ఎండ కళ్లు పొడుస్తోంది. సగం దారిలో డాక్టరుగారు కళ్లు మూసుకున్నారు.

"గీతలు మొదలయ్యాయి సలోమీ."

నేను సూది తీయబోయాను. ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు.

"వద్దు. కాన్పయ్యాక రక్తం ఆగకపోతే గర్భసంచిని బిగించేదీ ఈ మందే. అంతసేపు నొప్పులు పడ్డ మనిషికి అవసరం రావచ్చు."

"మరి మీకండీ?"

"నాది నొప్పే కదమ్మా. ప్రాణం తియ్యదు."

ఆస్పిరిన్ మాత్రలు మింగారు. లంకలో దిగుతూనే అవి వాంతిలో పోయాయి. చేతులు సబ్బుతో రుద్ది కడుక్కుని గుడిసెలోకి వెళ్లారు. దీపం తన ముఖాన పడకుండా పట్టుకోమన్నారు. కంటితో కన్నా చేత్తోనే ఎక్కువ చూస్తూ, కడుపులోనే బిడ్డను తిప్పారు. జగ్గారావు భార్య కనకమ్మ కేక పెట్టినప్పుడల్లా డాక్టరుగారి కణత దగ్గర నరం ఎగిరిపడేది. కనకమ్మ అది చూసి, కేక ఆపుకోవాలని పెదవి కొరుక్కుంది.

"కేక పెట్టమ్మా, పెట్టు. నాకేం కాదు," అన్నారు ఆవిడ.

ఆడపిల్ల పుట్టి ఏడ్చింది. మాయ పడ్డాక రక్తం ఆగలేదు.

"సలోమీ, మందు వెయ్యి."

నేను కనకమ్మ తొడకు సూది వేశాను. డాక్టరుగారు పొత్తికడుపు మర్దిస్తూనే ఉన్నారు. మెల్లగా గర్భసంచి గట్టిపడింది. రక్తం ఆగింది. అప్పుడు ఆవిడ గోడకు చేరగిలబడి, తల రెండు చేతులతో పట్టుకుని నేలమీదే ఒరిగిపోయారు.

డాక్టరుగారు తన మందు కోడలికి ఇచ్చేశారనీ, ఆ తలనొప్పికి వెలుతురూ చప్పుడూ పడవనీ కనకమ్మ అత్త వెంకటనరసమ్మకు చెప్పాను. ఆవిడ తడిగుడ్డ తెచ్చి డాక్టరుగారి నుదుట వేసింది. గుమ్మానికి చాప కట్టింది. కూతురు పుట్టిందని అందరికీ కేకేసి చెప్పబోయిన జగ్గారావును చేసైగతో ఆపింది. కబురు ఇంటింటికీ గుసగుసగానే పాకింది. రోకళ్లు ఆగాయి. కుక్కల్ని దూరంగా తోలారు. లంకంతా ఊపిరి బిగబట్టినట్టు ఊరుకుంది.

పొద్దు వాలాక డాక్టరుగారు కళ్లు తెరిచారు.

"బిడ్డ పాలు తాగిందా?" అని అడిగారు.