అమ్మ మోకరించిన చోటు

ఆ ఇంట్లో మిక్సీ వంటగది గట్టు మీద ఉండదు, కిటికీ కింద నేల మీద ఉంటుంది. అమ్మ ముప్పై ఏళ్లపాటు రోజూ తెల్లారగట్ల అక్కడే మోకరించి, పెదవి కదపకుండా ప్రార్థన చేసుకునేది. అమ్మ పోయింది గాని, ఆ మౌనం చాపంత మేర అక్కడే ఉండిపోయింది. అందులో ఉన్నవాళ్లకి బయటి మాటలన్నీ వినపడతాయి. వాళ్ల మాట మాత్రం బయటికి రాదు. అందుకే మిక్సీ అక్కడ పెట్టుకున్నారు. పిల్లలు మరీ మారాం చేస్తే వాళ్లనీ కాసేపు అక్కడే కూర్చోబెట్టేవారు.

పెద్దకూతురు మాత్రం ఆ చోటు తప్పించుకుని తిరిగేది. సంఘంలో ఆమెని అందరూ ప్రార్థనమ్మ అంటారు. రోగి మంచం దగ్గరైనా, కొత్త కాపురం వాళ్ల గడపలోనైనా ఆమె కళ్లు మూసుకుందంటే మాటలు ధారకట్టేవి. ఆవిడ ఆమెన్ అనేసరికి టీలు చల్లారిపోతాయని వెనక బెంచీల్లో నవ్వుకునేవారు. అది చెవిన పడ్డా ఆమె మెప్పుగానే తీసుకుంది.

ఆమె బెంగల్లా చెల్లెలి గురించే. బడిపిల్లల చొక్కాలు కుట్టే ఆ మనిషి ఐదు నెలలుగా చర్చికి రావడం మానేసింది. మనిషి సగమైంది. ఏమైందని అడిగితే "ఏం లేదు" అంటుంది. "మీ దగ్గరైతే నోరు విప్పుతుంది, కాస్త కనుక్కోండి వదినగారూ," అని మరిది బతిమాలుకున్నాడు. అప్పట్నుంచి ప్రతి గురువారం వెళ్తూనే ఉంది. వాక్యం చదివి, పాట పాడి, ఓదార్చి, అరగంట ప్రార్థన చేసి వస్తుంది. తీరా వీధి మలుపు తిరిగాక, తను కనుక్కున్నది ఏమీ లేదని తడుతుంది. ఎక్కడ తప్పుతోందో బోధపడేది కాదు.

ఆ బుధవారం వంటగది నేల పగిలిందని మేస్త్రీని పిలిచారు. కిటికీ కింద నాలుగు దెబ్బలు వేసి అతను ఒకడుగు వెనక్కి జరిగాడు.

"అమ్మా, ఇక్కడ సుత్తి పలకట్లేదు."

"అది మా అమ్మ మౌనం. దాన్ని కదపకుండా పని కానియ్యి."

"ముందే చెప్పొద్దా అమ్మా! దీనికి సిమెంటు పల్చగా కలపాలి. రేపు సాయంత్రం దాకా అడుగు పెట్టకండి. తడి మీద తొక్కితే ఆ మౌనం లేచి అంటుకుంటుంది."

మర్నాడు పొద్దున ప్రార్థనమ్మ ఆ కొత్త నేల ముందు నిలబడింది. ప్రార్థన చెయ్యకుండా ఏ కొత్తదీ వాడుకోవడం ఆమెకి అలవాటు లేదు. అడుగు పెట్టొద్దన్నాడు గాని మోకాలు పెట్టొద్దనలేదు కదా అనుకుని, అంచున మోకరించి "ప్రభువా" అంది.

మాట వినపడలేదు. లేచి ముందుగదిలోకి వచ్చి మళ్లీ అంది. అక్కడా అంతే. చీర మీదా, దాని కింద రెండు మోకాళ్ల మీదా బూడిదరంగు మరకలు.

భర్త పేపరు దించి చూశాడు. "అంటుకుందా? కంగారు పడకోయ్, ఎండితే అదే రాలిపోతుంది. ఈలోగా నేనూ ఒకటీ అరా మాట్లాడుకుంటా."

ఉరిమి చూడటానికి గొంతు అక్కర్లేదు కాబట్టి ఆ పని మాత్రం చేసింది.

మనసు మాత్రం గందరగోళమైపోయింది. ఇది శిక్షా? దేవుడికి తన గొంతు విసుగొచ్చిందా? అడుగుదామంటే అడగడానికే మాట లేదాయె. చెల్లెలి దగ్గరికి వట్టి నోటితో వెళ్లి ఏం చెయ్యాలి? ఏదీ తేలకముందే, గురువారం కదా, కాళ్లు అటే నడిచాయి.

చెల్లెలు తలుపు తీసి, అలవాటుగా కొంగు తలమీద కప్పుకుని, కళ్లు మూసుకుని కూర్చుంది. కాసేపు చూసి ఒక కన్ను తెరిచింది.

"మొదలుపెట్టవేం అక్కా?"

ఆమె మోకాళ్లు చూపించింది.

"అమ్మదా? పచ్చి నేల మీద మోకరించావా?" చెల్లెలు పకపకా నవ్వింది. ఆ నవ్వు విని ఎన్ని నెలలైందో! కోప్పడాలో సంతోషించాలో ప్రార్థనమ్మకి తెలియలేదు.

చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియలేదు. పక్కనున్న చొక్కా ఒళ్లోకి లాక్కుని గుండీలు కుట్టడం మొదలుపెట్టింది. చెల్లెలు మిషను తొక్కుతోంది. ఒక చొక్కా అయింది. రెండోది అయింది. మూడోదాని దగ్గర మిషను ఆగింది.

"నీకొకటి చెప్పాలని ప్రతి వారం అనుకుంటాను. నేను నోరు తెరిచేలోపే నువ్వు ప్రార్థన ఎత్తుకుంటావు. అంత ప్రార్థన అయ్యాక చెప్తే, అది చాల్లేదన్నట్టు ఉంటుందేమోనని ఊరుకుంటాను."

చెల్లెలు అక్క చెయ్యి పట్టుకుని తన ఎడమ చంక కింద పెట్టింది. గోళీ అంత గట్టిగా ఏదో తగిలింది.

"ఐదు నెలలైంది. ఆయనకి కూడా చెప్పలేదు. చెప్తే నిజమైపోతుందని భయం."

ప్రార్థనమ్మ నోరు దానంతట అదే తెరుచుకుంది. భయపడకు, ప్రభువు చూసుకుంటాడు, విశ్వాసం విడవకు... ఎప్పుడూ అనే మాటలన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి. ఒక్కటీ బయటికి రాలేదు. ఇంకేం చెయ్యాలో తోచక చెయ్యి అక్కడే ఉంచింది. అక్క భుజం మీద తల వాల్చి చెల్లెలు అప్పుడు ఏడ్చింది. చాలాసేపు ఏడ్చింది. తను ప్రార్థిస్తోందో, ఊరికే కూర్చుందో ప్రార్థనమ్మకే తెలియలేదు.

ఏడుపు ఆగాక, లేచి చెల్లెలి చెప్పులు తెచ్చి ఆమె కాళ్ల ముందు పెట్టింది.

పరీక్షలకనీ, ఫలితాలకనీ తొమ్మిది రోజులు ఇద్దరూ ఆసుపత్రి చుట్టూ తిరిగారు. చివరిరోజు డాక్టరమ్మ కాగితాలు ముందుకి జరిపింది.

"ఇంకా పాకలేదు. ఈ వారంలోనే తీసేద్దాం. ఇంకో మూడు నెలలు దాచుకుని ఉంటే ఈ మాట చెప్పగలిగేదాన్ని కాదు. మీతో వచ్చింది ఎవరు?"

"మా అక్కండి."

"మీరేమన్నా మాట్లాడతారా అమ్మా?"

ప్రార్థనమ్మ గొంతు సవరించుకుంది. ఆ చప్పుడు తన చెవికే వినపడి ఉలిక్కిపడింది. మాట వచ్చేసింది! తొమ్మిది రోజుల మాటలు ఒక్కసారిగా తోసుకొచ్చాయి. అదే క్షణంలో పక్క కుర్చీలో చెల్లెలు ఏదో అడగబోయి ఊపిరి తీసుకుంది.

ప్రార్థనమ్మ తల అడ్డంగా ఊపి, చెల్లెలి వైపు తిరిగింది.