కంద కాదు, కందగడ్డ

"తాలింపు ఆపు, రికార్డింగ్ పెడుతున్నా!" అన్నాడు ఉదయ్ భాస్కర్ హాల్లోంచి.

నాగలత గుప్పిట్లో ఆవాలతోనే స్టవ్ కట్టేసింది. ఆదివారం పొద్దున ఆ ఇంట్లో కుక్కర్ కూయకూడదు, మిక్సీ తిరగకూడదు, అత్తగారు భారతమ్మకు దగ్గొస్తే కొంగు అడ్డం పెట్టుకోవాలి. ఆయనగారు రెండు నిమిషాల వీడియో పాఠం చెబుతున్నారు మరి! సత్తుపల్లిలో ఓ ప్రైవేటు కాలేజీలో లెక్కల లెక్చరర్. మిణుగురు ఎందుకు వెలుగుతుంది, నేలబొగ్గు ఎలా పుట్టింది, అడవిలోని రాకాసిగుళ్లు ఎవరి సమాధులు అని ఆయన చెబుతుంటే జనం బాగానే చూస్తున్నారు. ఆ మాటలు మాత్రం బోటనీలో ఎమ్మెస్సీ చేసిన నాగలతవి. వెతికేది ఆమె, రాసేది ఆమె, ఛానల్లో పెట్టేది ఆమె. ఆయన మాట్లాడుతుంటే చెయ్యి పీకేదాకా ఫోను పట్టుకు నిలబడేదీ ఆమే. ఈమధ్య స్టాండు కొన్నాక ఆ ఒక్క ఉద్యోగం తప్పింది. కూత కోడిపుంజుది, గుడ్డు కోడిపెట్టది.

మొట్టమొదటి వీడియో ఆమే చెప్పింది. ఆయన సగంలో ఆపేసి, "విషయం బాగుంది గానీ, ఈ యాసేంటి? 'గిట్ల అయితది' అంటే సైన్సులా ఉంటుందా? సంతలో బేరమాడుతున్నట్టుంది" అన్నాడు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ పొలాలు కొన్న కుటుంబం వాళ్లది. "మావాడిది పుస్తకం భాషమ్మా" అంది భారతమ్మ కూడా. ఇల్లందులో పుట్టిపెరిగిన నాగలత అప్పటికి నవ్వేసింది. నవ్వింది గానీ, ఆ రోజు నుంచి నోట్లోని ప్రతి మాటనూ వడపోసి బయటకు వదలడం మొదలుపెట్టింది. 'వచ్చిండు'ను మింగి 'వచ్చాడు' అనేది. తల్లితో ఫోన్లో మాట్లాడాలంటే పెరట్లోకి వెళ్లేది. తన గొంతంటే తనకే సిగ్గు పుట్టింది. అది ఎంత బరువో మోసేవాళ్లకే తెలుసు.

ఆ ఆదివారం పాఠం, మట్టిలో పెరిగేవాటిలో ఏది వేరు, ఏది కాండం అని. 'కందగడ్డ వేరు, ఆలుగడ్డ కాండం' అని రాసిచ్చింది. అంత వడపోతలోనూ జారిపోయిన మాట ఒకటుందని ఆమెకు తట్టనే లేదు. "ఈసారి అసలు దుంపనే చూపిద్దాం" అనుకున్నాడేమో, ఉదయ్ భాస్కర్ కూరల సంచిలోంచి ఇంత లావు కంద తీసి, కెమెరా ముందు పట్టుకుని, "కందగడ్డ వేరు" అని గంభీరంగా చదివాడు. వంటింట్లోంచి విన్న నాగలతకు తప్పేమీ వినిపించలేదు. సాయంత్రం తీరిక లేక చూడకుండానే ఛానల్లో పెట్టేసింది.

రాత్రికల్లా కామెంట్లు. 'సార్, కంద వేరు కాదు, కాండం. ఎక్కడ చదివారు?'

"కందగడ్డంటే కంద కాదా?" ఆయన ముఖం మాడిపోయింది.

"చిలగడదుంపండీ. మా దగ్గర దాన్నే కందగడ్డ అంటరు."

"నీ యాస నన్ను బజారుకీడ్చింది! పొరపాటైందని ఓ నాలుగు ముక్కలు రాసిపెట్టు, రేపు చదివేస్తా."

మర్నాడు ఆయన కాలేజీకి వెళ్లాక నాగలత కాగితం ముందు కూర్చుంది. ఏం రాయాలి? కందగడ్డంటే ఇల్లందులో చిలగడదుంప, ఈ ఇంట్లో కంద. రెండూ తప్పు కాదు. లేచి బజారుకెళ్లి చిలగడదుంపలు తెచ్చింది. ఫోను స్టాండుకు పెట్టి, పుస్తకం భాషలో మొదలుపెట్టి తడబడింది. మళ్లీ తడబడింది. విసుగొచ్చి, చెల్లెలితో చెప్పినట్టు అందుకుంది.

"గిదే మా ఇల్లందు కందగడ్డ. గిది వేరు. గిదేమో మా అత్తగారింటి కంద. గిది కాండం. ఎట్ల తెలుస్తదంటరా? కంద నడుమ మొగ్గుంటది, చూడుండ్రి. ఆలుగడ్డకైతే కండ్లుంటయ్, మొలక ఆడికెల్లే వస్తది. వేరుకు గసొంటి కండ్లు ఉండయ్. పేర్లు తారుమారైనయ్ గని, శాస్త్రం కాలే."

మధ్యలో కుక్కర్ కూసింది. కూయనీ అనుకుంది. ఎన్నాళ్లకు గుండెనిండా ఊపిరి పీల్చింది! మళ్లీ వినకుండానే, ధైర్యం చల్లారకముందే ఛానల్లో పెట్టేసింది.

సాయంత్రం ఉదయ్ భాస్కర్ చెప్పులైనా విడవలేదు. "నన్నడక్కుండా పెట్టేశావా? తీసెయ్!"

"యాస బాగలేదా?" అడిగింది నాగలత.

"యాస ఎవడిక్కావాలి! నువ్విలా గడగడా చెప్పేస్తే, ఇన్నాళ్లూ నేను చెప్పినవన్నీ ఎవరి మాటలో తెలిసిపోదూ?"

అనేసి నాలుక కరుచుకున్నాడు. చిక్కుళ్లు వలుస్తున్న భారతమ్మ చేయి ఆగిపోయింది.

నాగలతకు కోపం రావాలి. వస్తుంది, అది ఎక్కడికీ పోదు. ముందు మాత్రం హాయి వచ్చింది. నెత్తిన పెట్టుకుని తిరిగిన గంప ఎవరో దించినట్టయింది. ఇన్నేళ్లూ తన నోటిదే తప్పనుకుంది. తప్పు నోటిది కాదు, ఆయన భయానిది. నవ్వొచ్చింది, కళ్లు తడిశాయి, మళ్లీ నవ్వొచ్చింది. వీడియో తీసెయ్యలేదు. ఆయనా మళ్లీ తీసెయ్యమనలేదు.

అన్నం తిని చేయి కడుక్కుంటూ, ఏమీ జరగనట్టు అడిగాడు. "వచ్చే ఆదివారానికి ఏం రాస్తున్నావు?"

"ఇగ రాయనండీ," అంది నాగలత. "చెప్త."