కూలిన ప్రతి కొట్టూ

ఈ లాయరు వాదించి ఓడిన కేసు ముల్లోకాల్లోనూ లేదు. ఆయన నల్లకోటు తగిలించుకుంటే చాలు, ఎదుటి పక్షం సాక్షులకు నాలుక పిడచకట్టుకుపోయేది. అంతటివాడు అక్క మొగుడై ఉండగా దర్జీకి దిగులెందుకు?

వానకి దర్జీ కొట్టు వెనకగోడ కూలి, కప్పంతా కిందికొచ్చింది. అంతా తనే కట్టుకుంటానని బతిమాలాడు. "కొట్టే లేనప్పుడు అద్దెకుండేదేమిటి? ఖాళీ చెయ్" అన్నాడు యజమాని. తాతనాటి నుంచి మిషను కదలని చోటది. గిరాకీ అంతా ఆ వీధి మలుపుదే. అది పోతే దర్జీకి వేరే దిక్కులేదు.

వాయిదా రోజున బావ కోర్టు వరండాలో తల దించుకుని కూర్చున్నాడు.

"ఏం బావా, పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టు ఆ నేలచూపులేంటి?"

"పాత తీర్పొకటి అడ్డొస్తోందిరా బామ్మర్దీ. కొట్టు కూలితే అద్దె హక్కూ పోయినట్టేనని పెద్దకోర్టు ఎప్పుడో తేల్చేసింది. పెద్దకోర్టు గీసిన గీత కింది కోర్టు దాటకూడదు."

"ఆ కేసు వాదించిన శనిగాడెవడు?"

బావ కళ్ళజోడు తీసి తుడిచాడు. తుడిచిందే తుడిచాడు.

"నేనే."

అప్పుడాయన ఓ యజమాని తరఫు లాయరు. నిప్పంటుకుని కూలిన కొట్టది. ఆ ఒక్క కొట్టు మాటే అడిగినా గెలిచేవాడు. కుర్రతనం ఊరుకోనిస్తుందా? ఎలా కూలినా సరే, కూలిన ప్రతి కొట్టుకీ ఇదే న్యాయమని వాదించి, ఆ ముక్కే తీర్పులోకి ఎక్కించాడు.

"అక్కడ నిప్పండీ, ఇక్కడ నీళ్ళు. ఆ తీర్పు మాకు వర్తించదు" అన్నాడు బావ, లోపల జడ్జి ముందు.

జడ్జి పాత తీర్పు విప్పి చదివాడు. "ఎలా కూలినా సరే. తమరి వాదనే కదండీ? నా మనసులో ఏమున్నా, పెద్దకోర్టు మాట నేను కాదనలేను." ఆ మాటంటుంటే ఆయన గొంతు వణికింది.

ముల్లోకాలన్నాను కదూ? కొట్టేయండి. నిజానికి బావ ఓడని వారం లేదు. గెలిచిన పెద్ద కేసు అదొక్కటే, అదే కొరివై కూర్చుంది.

"పైకెళ్దామా బావా?"

"ఆ మాట మార్చాలంటే పెద్దకోర్టే మార్చాలి. అది తేలేలోపు అక్కడ మేడ లేస్తుందిరా."

"మరి మన కేసు?"

"ఇకమీదట వానకి కొట్టు కూలినవాళ్ళకి దీన్నే చూపిస్తారు."

"నీ గోడకి నేనో వరస పేర్చానన్నమాట" అని దర్జీ మిషను తెచ్చుకోవడానికి బయల్దేరాడు.

జడ్జి గొంతు వణికిందన్నానే, అది మాత్రం నేను కల్పించాను. ఆయన తలెత్తకుండానే తర్వాతి కేసు పిలిపించాడు.