గొలుసు గది మూత

పడవ పైన గాలికి కరువు లేదు. చొక్కా ఒంటి మీద నిలవని గాలి. పెదవి నాకితే ఉప్పు.

కింద, పడవ ముక్కులో, లంగరు గొలుసు చుట్టలు చుట్టుకుని పడుకునే గది ఉంది. మనిషి ఒదిగి దిగేంత మూత. వానలన్నాళ్లూ మూసే ఉంది.

మూసిన గదిలో తడి ఇనుము ఊరికే ఉండదు. తుప్పు పడుతుంది. తుప్పు పడుతూ గాలిలోని ప్రాణవాయువును తింటుంది…

వాసన రాదు.

కుళ్ళిన చేపకైనా నీతి ఉంది — కంపు కొట్టి చెబుతుంది. ఇది చెప్పదు.

లోపలికి గాలి ఊదే పంకా ఉంది. పడవకని కొన్నదే. అది ఒడ్డు మీద ఆఫీసులో, యజమానికి చెమట పట్టకుండా ఊదుతోంది.

గొలుసు తుప్పు గీకమన్నప్పుడు పంకా అడిగాను.

“తుప్పు గీకడానికి పంకా ఏంటయ్యా, పెళ్లివారా?” అన్నాడు.

మూత తీసి, ఎవరూ దిగొద్దని చెప్పి, తాడు కోసం వెళ్లాను. యజమాని ఆగలేదు. దిగమన్నాడు. నా అల్లుడు దిగాడు.

వచ్చేసరికి నా కొడుకు మూత దగ్గర బోర్లా పడుకుని నవ్వుతున్నాడు.

“బావా, గీకుతున్నావా, గురక పెడుతున్నావా?”

తల తిప్పి నన్ను చూశాడు.

“అలిగాడు నాన్నా. అల్లుడు కదా, బతిమాలించుకుంటాడు.”

టార్చి వేశాను. గొలుసు మీద పడి ఉన్నాడు.

కొడుకు కాళ్లు అప్పటికే లోపల.

జుట్టు దొరికింది. జుట్టే పట్టుకున్నాను. “వదులు నాన్నా, బావ!” అంటూ చెయ్యి కొరికాడు. వదల్లేదు. కాపాడబోయిన వాళ్లనే ఎక్కువ మింగాయి ఇలాంటి గదులు. ఒకడి వెంట ఒకడు… ఒకడి మీద ఒకడు.

తాడుకు కొక్కెం కట్టి లాగాం.

పైన ఇంత గాలి — అంతా అతని మీదుగానే పోతోంది. ఒక్క గుక్క లోపలికి పోలేదు.

“గుండె ఆగిపోయింది, పాపం” అన్నాడు యజమాని.

గుండె ఆగకుండా చచ్చినవాడెవడు?

మా అమ్మాయి ఏడవలేదు. “తమ్ముణ్ణి పట్టుకున్నావు, మంచిదే నాన్నా. ఆయన్నెందుకు ఎవరూ పట్టుకోలేదు?”

 

గొలుసు ఇంకా సగం గీకాలట. యజమాని ఇంకొకణ్ణి తెచ్చాడు.

“పంకా?” అన్నాను.

“ఎండ చూశావా ఎలా ఉందో!”

మూత వేశాను. దాని మీద కూర్చున్నాను.

“లే, ముసలోడా.”

లేవలేదు.

“ఏ పడవా ఎక్కనివ్వను నిన్ను. నీ కొడుకునీ.”

కొడుకు వచ్చి పక్కన కూర్చున్నాడు. వాడూ నాలాగే అయిపోతున్నాడు.

దిగాల్సినవాడు నిలబడే ఉన్నాడు — ఒకసారి యజమాని వైపు, ఒకసారి మా వైపు చూస్తూ… అతని చొక్కా గాలికి టపటపా కొట్టుకుంటోంది.