కృపాజ్యోతి పెద్దమనిషి

"నిఖిల్ సంతకం పెట్టొద్దంటున్నడు," అంది కృపాజ్యోతి.

మొయినాబాద్ పక్కనున్న తమ ఊరు హిమాయత్‌నగర్ దగ్గర ఆటో నిండా మనుషుల్ని ఎక్కించుకుని, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని భార్యతో మాట్లాడుతున్న ప్రేమ్ కుమార్ బ్రేకు గట్టిగా తొక్కాడు. వెనక కూర్చున్న ప్రమీలమ్మ ఒళ్లోంచి కొత్తిమీర కట్టలు కిందపడ్డాయి.

"నీ పెండ్లాం ఏమన్నదో గని, మా పానాల మీదికి తెస్తవా?" అని తిట్టిందామె.

కృపాజ్యోతి ఐర్లండ్‌లో, ముసలివాళ్లను చూసుకునే ఒక కేర్ హోమ్‌లో నర్సు. పోయి రెండేళ్లయింది. ఇప్పుడా హోమ్ వాళ్లు ఒక అంతస్తు మూసేస్తున్నారు. 'నా ఇష్టంతోనే ఉద్యోగం మానేస్తున్నాను' అని రాసి ఉన్న ఒప్పందాన్ని ఆమె చేతిలో పెట్టి, శుక్రవారం సంతకం చేయమన్నారు. చేస్తే ఇంటికి టికెట్టు వాళ్లే కొనిస్తారు. అట్లా కాకుండా 'పని లేక మేమే తీసేశాం' అని వాళ్ల చేత రాయించుకోగలిగితే, ఆ దేశంలోనే ఉండి ఇంకో పని వెతుక్కోవడానికి ఆర్నెల్లు గడువు దొరుకుతుంది. ఉండడమా, వెనక్కి రావడమా అన్నది ఆ ఒక్క వాక్యం మీద ఆధారపడి ఉంది.

ప్రేమ్‌కు ఆ వాక్యం పట్టలేదు. ఆ పేరు పట్టుకుంది.

నిఖిల్‌ది ఆలూరు. చేవెళ్ల అవతల నాలుగెకరాల తోట ఉన్న ఇంటివాడు. అదే హోమ్‌లో సహాయకుడు. అతనికీ అదే కాగితం ఇచ్చారు. ఈ మధ్య ఫోనులో ప్రతి మాటకూ ముందో వెనకో అతనే. నిఖిల్ లాయరును అడిగిండు. నిఖిల్‌కు జరమొచ్చింది. నిఖిల్ నవ్వించిండు. పోయిన క్రిస్మస్ ఫొటోలో అతను ఒక చివర, కృప ఇంకో చివర నిలబడ్డారు. అయినా ప్రేమ్ వేళ్లతో ఫొటోను పెద్దది చేసి చూసి, ఇద్దరి మెడల్లోనూ ఒకే రంగు మఫ్లర్ ఉందని కనిపెట్టాడు. అడిగితే, "ఆఫర్ల ఒకటి కొంటే ఒకటొచ్చింది, చలికి చస్తున్నడని ఇచ్చిన," అంది. అప్పటి నుంచి ఆ ఆకుపచ్చ మఫ్లర్ ప్రేమ్ కడుపులో చుట్టుకుని పడుకుంది.

"పెట్టి వచ్చేయ్ కృపా. చాలు ఇగ," అన్నాడు ఆ సాయంత్రం.

"అప్పుడే ఎందుకొస్త? శుక్రవారం మీటింగ్‌ల నా తరఫున నిఖిల్ మాట్లాడుతడు."

"ఆయనెవరు మాట్లాడనీకి? నేను లేనా? నన్ను ఫోన్ల పెట్టు, నేనడుగుత వాళ్లను."

"నువ్వా? రెండో మాటకే తిడుతవ్. సొంతోడు పెద్దమనిషైతడా ఎక్కడన్న? ఆయన నా పెద్దమనిషి. నేను ఆయన పెద్దమనిషిని. అంతే."

ఈ ఊళ్లలో గట్టు తగాదా అయినా, ఆలుమగల గొడవ అయినా, ఎవరి గొడవ వాళ్లు మాట్లాడుకోరు. తమ తరఫున ఒక పెద్దమనిషిని కూర్చోబెట్టి, తాము వెనక గమ్మున కూర్చుంటారు. సొంతవాళ్లను అసలే పెట్టుకోరు, వాళ్లకు కోపం ముందొస్తుందని. అన్నదమ్ముల మధ్య గోడ పంచాయితీలో ప్రేమ్ తరఫున చర్చి పెద్ద సాముయేలు మాట్లాడాడు. ఆ రోజు ప్రేమ్ వెనక చాప మీద కూర్చుని నాలుక కరుచుకున్నాడు. అంటే ఆమె చెప్పింది న్యాయమే. న్యాయం కాబట్టే ఇంకా మండింది.

శుక్రవారం ప్రేమ్ ఆదివారం చర్చికి వేసుకునే తెల్లచొక్కా తొడుక్కున్నాడు. అద్దంలో జుట్టు రెండుసార్లు దువ్వుకున్నాడు. పాసింజర్లు చెయ్యెత్తినా ఆపకుండా, ఖాళీ ఆటోతో చేవెళ్ల దాటి ఆలూరు వెళ్లాడు. వాడెంతటి వాడో, వాడి ఇల్లెట్లా ఉందో కళ్లారా చూడాలి.

ఇంటి ముందు ఒకామె నీళ్ల తొట్టిలో క్యారెట్ కడుగుతోంది. కడిగిన గడ్డలను గంపలోకి విసిరేస్తోంది, గంప మీద పగ ఉన్నట్టు.

"నిఖిల్ సార్ ఇల్లు ఇదేనా అక్కా?"

"సార్ ఎప్పటిసంది అయిండో నాకెరుక లేదు. నేను ఆయన భార్యను, మేఘ. నువ్వెవరన్న?"

"కృపాజ్యోతి నా భార్య."

మేఘ చేతిలోని క్యారెట్ రెండు ముక్కలైంది.

"అచ్చా, నువ్వేనా? కూసో అన్న. నేనే ఒకనాడు హిమాయత్‌నగర్ వద్దామనుకుంటున్న."

లోపలి నుంచి నిఖిల్ తల్లి అరుణమ్మ తొంగి చూసి, కోడలి మొహం చూసి, టీ తెచ్చింది. వేరే గ్లాసు కాకుండా, కోడలికి ఇచ్చినలాంటి స్టీలు గ్లాసులోనే తనకూ ఇవ్వడం ప్రేమ్ గమనించాడు.

"కృప సిస్టర్ చాపల పులుసు మస్తు చేస్తదంట గదా," అంది మేఘ. "ఇన్నేండ్లు నేనొండితే, ఉప్పెక్కువైందన్నప్పుడే ఆయన నోరు లేసింది."

"పులుసు కూడనా?" ప్రేమ్ గ్లాసు కింద పెట్టాడు. "ఎట్ల చేయాలని నేనడిగితే, ఫోన్ల చూసి నేర్చుకో అన్నది."

"ఆ మఫ్లర్?"

"ఆఫర్ల వచ్చిందంట."

"మా ఆయన గూడ గదే అన్నడు."

ఇద్దరి మాటా ఒకటే అయ్యిందంటే అది నిజమైనా అయుండాలి, కూడబలుక్కున్నదైనా అయుండాలి. నిజమనుకుంటే ఇద్దరికీ ఇంటికి పోవడం తప్ప పని ఉండదు. అందుకని రెండోదే అనుకున్నారు.

"నేను మా ఆయనకు చెప్తే కొట్లాట. నువ్వు మీ ఆమెకు చెప్తే కొట్లాట," అంది మేఘ. "నా దిక్కు నువ్వు ఆయనతోని మాట్లాడు. నీ దిక్కు నేను ఆమెతోని మాట్లాడుత. ఈడికి ఆపుమందాం."

ప్రేమ్‌కు ఆ ఏర్పాటు నచ్చింది. మేఘ ఫోన్ కలిపింది.

"మీటింగ్‌ల కూసుంటున్నం, మల్ల చేస్త," అన్నాడు నిఖిల్ గుసగుసగా.

"పెట్టేసినవో నా మీద ఒట్టు. జేబుల వేస్కో. నేను వింట."

కుర్చీలు జరిగిన చప్పుడు. తర్వాత ఒక తెల్లామె గొంతు, జోలపాటలా మెత్తగా. సగంలో ఆపేసిన డిగ్రీ ఇంగ్లిషుతో ప్రేమ్ చెవి రిక్కించాడు. వేరే పట్టణంలో తమదే ఇంకో హోమ్ ఉంది, నిఖిల్‌ను అక్కడికి తీసుకుంటామంటోంది. కృపాజ్యోతికి మాత్రం చోటు లేదట. విచారంగా ఉందట. టికెట్టు సిద్ధంగా ఉందట. ఇద్దరూ ఇక్కడ సంతకాలు చేస్తే అయిపోతుందట.

మేఘ మొహం వెలిగిపోయింది. "ఒప్పుకో!" అని అరవడానికి ఫోను మీదికి వంగింది.

ప్రేమ్ అరచేత్తో ఫోనును కప్పేశాడు.

"ఏందన్న?"

"ఆగక్క."

భార్య తిరిగి రావాలనే కదా అతను ఇంత దూరం వచ్చింది! కానీ వాడికి ఉద్యోగం, తన పెళ్లానికి టికెట్టా? వాడు మెడలో ఆకుపచ్చ మఫ్లర్‌తో అక్కడ తిరుగుతాడు, కృప మూట నెత్తిన పెట్టుకుని మొయినాబాద్‌లో దిగుతుందా? ఇన్నాళ్ల మంట దీని ముందు చలిమంటలా అనిపించింది. వాడి కంటే తన భార్య ఒక మెట్టు కిందికి దిగడానికి వీల్లేదు.

"నా సంగతి నేను చెప్పనండీ, ఆమెను అడగండి," అంటున్నాడు నిఖిల్ ఇంగ్లిషులో.

"ఏమిటీ?" అంది తెల్లామె.

అప్పుడు కృపాజ్యోతి గొంతు వినిపించింది. ఎక్కడా వణకలేదు. "ఇతను అక్కడికి వెళ్తాడు. ఏ రోజు నుంచో, ఏ పనో ఇవాళే రాసివ్వండి. పాత సర్వీసు కూడా కలపండి. తనంతట తానే మానేస్తున్నానన్న కాగితం మీద మాత్రం సంతకం చేయడు."

"ఇక ఈమె సంగతి," అని నిఖిల్ అందుకున్నాడు. "పోతానని ఈమె అనలేదు. అంతస్తు మూసింది మీరు. ఆ మాటే రాయండి. ఆమెది తేలేదాకా నాదీ తేలదు."

"ఎవరి మాట వాళ్లు చెప్పుకోవచ్చు కదా!"

"మా దగ్గర అట్లా చెప్పుకోరండి."

ఒకరికి ఆశ చూపిస్తే రెండోవాళ్లు ఒంటరవుతారని తెల్లామె లెక్క. ఆశపడాల్సినవాడు తన గురించి నోరే విప్పకపోతే ఆ లెక్క సాగదు. మంచాలన్నీ తీసేసి తాళం వేసిన అంతస్తును దాచడం కూడా ఎవరి తరమూ కాదు. పైవాళ్లను అడిగొస్తానని లేచి వెళ్లింది. చాలాసేపు రాలేదు. మేఘ ఫోనును గట్టు మీద పెట్టి మళ్లీ క్యారెట్ కడిగింది, ఈసారి మెల్లగా. ప్రేమ్ గంప పట్టుకున్నాడు. తెల్లచొక్కా చేతులు తడిసిపోయాయి.

తెల్లామె తిరిగొచ్చి, ఇద్దరూ అడిగినట్టే రాస్తామంది.

"ఆయన పోయే పట్నం ఎంత దూరముంటదన్న?" అడిగింది మేఘ.

"బస్సుల సగం దినమంట. కృప ఎప్పుడో చెప్పింది."

మేఘ ఆఖరి క్యారెట్‌ను గంపలో పెట్టింది. "మీ ఆమె మంచిదే అన్న," అని చేతులు తుడుచుకుని లోపలికి వెళ్లింది.

ప్రేమ్ ఫోను మోగింది. కృపాజ్యోతి.

"రాసిచ్చిండ్రు! ఆర్నెల్లున్నది నాకు. ఇంకో హోమ్‌ల అడుగుత. కోపమొచ్చిందా?"

"లేదు. మంచిగ మాట్లాడినవ్. నా కోసం గిట్ల ఒక్కనాడు మాట్లాడలే."

"నువ్వు మాట్లాడనిచ్చినవా? ఆగాగు, నీకెట్ల తెలుసు?"

"అన్నా, అన్నం వడ్డిస్తున్న, కాళ్లు కడుక్కోని రా," అని లోపలి నుంచి మేఘ కేకేసింది.

"ఎవరది?"

"నా పెద్దమనిషి," అన్నాడు ప్రేమ్.

"ఆడమనిషి గొంతు లెక్కున్నది."

"ఆడోళ్లు పెద్దమనుషులు కారాదా? ఇప్పుడే ఒకామె మాట్లాడంగ విన్న."

"నువ్వేడున్నవ్? ఏ అంగి తొడుక్కున్నవ్?"

"తెల్లది. చర్చిది."

"శుక్రవారం నాడా?" కృపాజ్యోతి గొంతు ఒక మెట్టు పైకి లేచింది. "వీడియో ఆన్ చెయ్."

రెండేళ్లలో ఆమె ఇంత ఆరాటంగా అతన్ని చూస్తాననలేదు. ప్రేమ్ నిండుగా ఉన్న బ్యాటరీ గుర్తు వంక చూశాడు.

"చార్జింగ్ లేదు కృపా," అన్నాడు. తర్వాత కాళ్లు కడుక్కోవడానికి తొట్టి దగ్గరికి నింపాదిగా నడిచాడు.