మూడు రోజుల భత్యం

పదకొండేళ్ల కిందట జోంబా పట్టణంలో ఉచెంబెరే సంస్థ మొదలైనప్పుడు దానికున్నవి ఒక కాన్పుల గది, ఒక నర్సు, ఒక సైకిలు. ఇప్పుడు మూడు తెల్ల జీపులు, పందొమ్మిది మంది ఆఫీసు సిబ్బంది, గోడ నిండా అవార్డులు. కాన్పుల గది మాత్రం ఒక్కటే, నర్సూ ఒక్కతే. ఆ నర్సు నసిబెకోకి ఐదు నెలలుగా జీతం లేదు.

దాతలు మహా దయగలవాళ్లు. శిక్షణకిస్తారు, సదస్సులకిస్తారు, బ్యానర్లకిస్తారు. జీతాలంటే మాత్రం మొహం చిట్లిస్తారు. నసిబెకో మానేస్తే గది మూతపడ్డట్టేనని లెక్కలు చూసే ఫైనెస్‌కి తెలుసు. తన ఇద్దరు బిడ్డలూ ఆ గదిలోనే పుట్టారు. అందుకే డైరెక్టరు కలిలొంబె ముందు వెళ్లి నిలబడింది.

"బ్వానా, నర్సమ్మ జీతం సంగతి..."

"నా ప్రాణం తీయకు ఫైనెస్! నెలాఖరులోగా నలభై లక్షల క్వాచా ఖర్చు పెట్టకపోతే దాతలు వెనక్కి తీసేసుకుంటారు. నువ్వేమో జీతాలంటావు!"

"మరి దేనికి పెడతారు?"

"సరస్సు ఒడ్డున మూడు రోజుల సదస్సు. మన సంస్థ ఆర్థిక ఆరోగ్యం గురించి."

ఫైనెస్‌కి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అంతలో ఒక ఆలోచన తట్టింది. సదస్సులో కూర్చున్న ప్రతివాళ్లకీ భత్యం ఇస్తారు. వినక్కర్లేదు, నిద్రపోయినా ఫరవాలేదు, సంతకం ఉంటే చాలు. మూడు రోజుల భత్యం నర్సుకి నెలన్నర జీతం. నసిబెకో పేరు జాబితాలో రాసేసి, తన తెలివికి తనే మురిసిపోయింది.

నసిబెకో వెళ్లింది. చాంబో చేప, ఎన్సిమా అనే మొక్కజొన్న ముద్ద కడుపునిండా తింది, తెర మీద పైకెగబాకే గీతల బొమ్మలు చూసింది, కునుకు తీసింది, సంతకం పెట్టి డబ్బు తీసుకుంది. ఆ మూడు రోజులూ కాన్పుల గది మూసే ఉంది. నొప్పులు వాయిదా వేసుకోమని ఊళ్లో ఎవరికీ చెప్పలేదంతే.

సోమవారం పొద్దున్నే ఆమె గది తాళంచెవి తెచ్చి ఫైనెస్ బల్ల మీద పెట్టింది.

"ఇదేంటి నర్సమ్మా? డబ్బులందాయిగా!"

"అందాయి తల్లీ, నీ కడుపు చల్లగుండ! రాజధాని లిలాంగ్వేలో ప్రైవేటు ఆసుపత్రివాళ్లు రమ్మని రెండు నెలలైంది. బస్సు ఛార్జీలకీ ఇంటి అడ్వాన్సుకీ లేకే ఆగాను."

నర్సమ్మను ఆపబోయి ఫైనెస్ తనే సాగనంపింది మరి.

ఇంతలో కలిలొంబె గదిలోంచి ఊడిపడ్డాడు. "ఫైనెస్! సదస్సు దాతలకి తెగ నచ్చేసిందట. వచ్చే ఏడు రెట్టింపు ఇస్తారు!"

ఫైనెస్ తాళంచెవి తీసుకుని బయటికి నడిచింది. కాన్పుల గది అరుగు మీద ఒక నిండు చూలాలు నడుం పట్టుకుని కూర్చునుంది.

"నర్సమ్మ వచ్చిందా అక్కా?" అని అడిగింది.