మైకు నోట మంచి మాట

ఇంట్లో ఆమెకి పెట్టిన పేరు ఎప్పుడో మరుగున పడింది. బాబాయి సరదాకి తగిలించిన 'మైకు' అన్నదే మిగిలింది. మెల్లగా మాట్లాడటం ఆ పిల్లకి చేతకాదు, మనసులో దాచుకోవడం అసలే రాదు. సంబంధం ఖాయం చేసుకుందామని వచ్చినవాళ్ళ మొహం మీదే, "నేను సినిమాల్లో చేరుతున్నాను, మీరు కాఫీ తాగి వెళ్ళండి" అనేసింది. ఆ రోజే ఇల్లు వదిలింది, ఆ రోజే అమ్మ ఆమెతో మాట్లాడటం మానేసింది. ఫోను చేస్తే అక్క ఎత్తేది. వెనకాల గిన్నెల చప్పుడు వినపడేది. అమ్మ అక్కడే ఉందని మైకుకి తెలిసేది.

సినిమాల్లో పేరైతే వచ్చింది, నటిగా కాదు, నోరున్న మనిషిగా. వేషం ఇస్తాను, గదికి రమ్మన్న నిర్మాతని నలుగురిలో నిలబెట్టి కడిగేసింది. దాంతో అందరూ మొహం చాటేశారు. చివరికి ఏ దేవుడు దయతలిచాడో, ఒక దర్శకుడు పిలిచి హీరోయిన్ వేషం ఇచ్చాడు.

కథలో మొగుడు చెంప పగలగొడితే పెళ్ళాం పుట్టింటికి పోతుంది. తిరిగొచ్చి గుమ్మంలో నిలబడి, "తప్పు నాదేనండీ, క్షమించండి" అనాలి. మైకుకి ఒళ్ళు మండింది. నాన్న చెయ్యి చేసుకున్నప్పుడల్లా అమ్మ ఇదే మాట అనేది. చిన్నప్పుడు తలుపు చాటునుంచి ఎన్నిసార్లు విందో!

"కొట్టింది వాడైతే తప్పు నాదెలా అవుతుంది సార్? ఈ మాట నేను చచ్చినా అనను," అంది.

దర్శకుడు గొడవ పెట్టుకోలేదు. "సరేనమ్మా, నీకేం అనాలనిపిస్తే అది అను. కళ్ళల్లో నీళ్ళుంటే చాలు," అన్నాడు.

అంత తేలిగ్గా ఒప్పుకుంటే అనుమానం రావద్దూ? గెలిచానన్న సంబరంలో ఉన్న మనిషికి అనుమానం ఎక్కడొస్తుంది! కెమెరా ముందు నిలబడి, "తప్పు నీదిరా. నా సామాను తీసుకుపోదామని వచ్చాను," అంది. లైట్లవాళ్ళు చప్పట్లు కొట్టారు. డబ్బింగుకి ఎప్పుడు రావాలని అడిగితే, "సెట్లో రికార్డయిందే బ్రహ్మాండంగా ఉంది, అదే ఉంచేస్తాం" అన్నారు. మైకు పొంగిపోయింది.

"అక్కా, ఎలాగైనా అమ్మని ఈ సినిమాకి తీసుకురా. నేను ఆ ఒక్క మాట అనడం అమ్మ వినాలి," అని బతిమాలింది.

అక్క తీసుకొచ్చింది. అమ్మ పలకరించకుండానే పక్క సీట్లో కూర్చుంది.

తెరమీద తను నోరు విప్పగానే మైకు సీట్లో ముందుకి జరిగింది. గొంతు తనది కాదు. ఎవరిదో, తేనె పూసినట్టుంది. పోనీ గొంతు మార్చినా మాట మార్చరులే అని సరిపెట్టుకుంటూ గుమ్మం సీను కోసం చూసింది. అది రానే వచ్చింది. పెదవులు కదలబోయే సమయానికి కెమెరా మొగుడి వీపు వెనక్కి వెళ్ళిపోయింది. కన్నీళ్ళు తనవే. ఆ తేనె గొంతు మాత్రం, "తప్పు నాదేనండీ, క్షమించండి," అంది.

అమ్మ ఏడుస్తోంది. చీకట్లో తడుముకుంటూ కూతురి చెయ్యి పట్టుకుంది.

ఆ చెయ్యి కోసం మైకు ఎంత మొహం వాచిపోయి ఉందో! ఇప్పుడు నోరు మూసుకుంటే చాలు, అది దక్కుతుంది. కానీ ఆ పిల్లకి నోరు మూసుకోవడం ఎప్పుడొచ్చింది గనక?

"అమ్మా, ఆ గొంతు నాది కాదే," అంది, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మెల్లగా.

"తెలుసులేవే," అంది అమ్మ, తెరమీంచి చూపు తిప్పకుండా. "కన్నదాన్ని, నీ గొంతు నాకు తెలీదా? ఎవరోగానీ బంగారుతల్లి, ఎంత చక్కగా చెప్పింది! నువ్వూ అలా మాట్లాడటం నేర్చుకుని ఇంటికి రా."

మైకు చెయ్యి విదిలించుకుని లేచి నిలబడింది.

"ఆ మాట నేననలేదు! తప్పు వాడిదన్నాను నేను! వాడిదన్నాను!"

వెనక వరసలోంచి ఎవరో కసిరారు.

"కూర్చోవమ్మా! నీ గోలలో హీరోయిన్ మాట వినపడి చావట్లేదు."